నాకు పోయని ఆటలమ్మ

దిల్‌సుఖ్‌నగర్

అమ్మకు, నాయినకు లావణ్య దండాలు. నేనిక్కడ మంచిగున్నాను. మీరంతా ఎట్లున్నారు? నాయిన మోకాలి నొప్పి తగ్గిందా? తమ్ముడు బడికి పోతున్నాడా, ఎగ్గొడుతున్నాడా? ఫోన్ ఉండగా ఉత్తరమేందని నవ్వకు. ఫోన్‌లో అయితే సగం విని ఏడుపు మొదలుపెడతావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు.

ముందు మంచి మాట. పోలీసు ఉద్యోగం పరుగులో పాసయ్యాను. అవునమ్మా, నీ బిడ్డనే. ఇక చివరి రాతపరీక్ష ఒక్కటే మిగిలింది. కళ్లు తుడుచుకుని మిగతాది చదువు.

హాస్టల్లో నా పక్కమంచం స్రవంతి గురించి చెప్పాను కదా, మిర్యాలగూడ పిల్ల. రోజూ పొద్దున్నే ఇద్దరం కలిసి ఉరికేవాళ్లం. పరుగు పరీక్ష దగ్గర పడుతుండగా దానికి జ్వరమొచ్చింది. మర్నాటికి ఒళ్లంతా నీటిపొక్కులు.

హాస్టల్ ఆంటీది గుంటూరు. "సామాన్లు సర్దుకుని ఇంటికెళ్లిపోమ్మా. మిగతా పిల్లలకి అంటుకుంటే నా గతేంటి?" అంది. ఎల్బీ నగర్‌లో బస్సెక్కిస్తే, ఆ బస్సులో చంటిపిల్లలుండరా, కడుపుతో ఉన్నవాళ్లుండరా? నాకు కోపం నసాళానికెక్కింది. "పైన రూమ్ ఖాళీనే ఉంది కదా ఆంటీ, స్రవంతిని ఆ రూమ్‌లనే ఉంచుదం. నాకు చిన్నప్పుడే పోసింది, నాకేం గాదు. అన్నం నేనే తీస్కపోతా" అన్నాను.

ఎంత ధీమానో చూడు. నాకన్నీ గుర్తే మరి. గడపకు వేపమండలు, పోపు లేని చప్పిడి కూర, ఒంటికి పసుపు, ఎండకు పెట్టిన వేపాకు నీళ్ల స్నానం. ఇంత జరిగాక నాకు ఆటలమ్మ పోయలేదని ఎట్లా అనుకుంటాను?

గొప్పలు చెప్పుకుందామనే ఆ సాయంత్రం నీకు ఫోన్ చేశాను. నువ్వేమన్నావు? "నీకెప్పుడు పోసింది బిడ్డా? పోసింది అక్కకు. దానికి నీళ్లు పోస్తుంటే నాకు గూడ అని ఏడ్సినవ్, నీకు గూడ పసుపు రాసి పోసిన. నీ ఒంటి మీద ఒక్క పొక్కు లేవలే." ఏడ్చి సంపాదించుకున్న స్నానాన్ని నమ్ముకుని ఇన్నేళ్లు తిరిగాను.

మర్నాడే దవాఖానకు పోయాను. డాక్టరమ్మ అన్నీ అడిగింది, కడుపుతో లేవు కదా అని కూడా. పొక్కులు కనబడకముందు నుంచే ఇది గాలిలో అంటుతుందట. అయినా వెంటనే, మూడు నుంచి ఐదు రోజుల్లోపు టీకా వేస్తే ఆగే అవకాశం ఉందట. "రాదని రాసివ్వలేను. వచ్చినా తేలిగ్గా పోతుంది" అంది. సూది ఏయించుకుంటే ఆటలమ్మ తల్లికి కోపమొస్తదని నువ్వు ఫోన్‌లో మొత్తుకున్నావు. పిల్లలు మంచాన పడితే నీకు సంతోషమా అని ఆ తల్లినే మనసులో అడిగి, చెయ్యి చాపాను.

చెయ్యి కాస్త సలిపింది, అంతే. పై గదికి అన్నం ఆంటీయే మోసింది. ఆమెకు నిజంగానే చిన్నప్పుడు పోసిందట, ముక్కు మీద గుంట చూపించింది. గొణుక్కుంటూనే పెరుగన్నం కలిపి పెట్టింది, మంచి మనిషే. నాకు మాత్రం అద్దం చూసుకోవడమే పని. దోమ కుట్టినా గుండె జారేది.

స్రవంతి పరుగు పరీక్ష తేదీ నాకంటే ముందే ఉండె. పొక్కులు మానక పోలేకపోయింది. అందుకు చాలా ఏడ్చింది. నా రోజు వచ్చేసరికి చెక్కులన్నీ రాలిపోయి, ముఖం నిండా నల్లమచ్చలతో నాతోపాటు వచ్చి గేటు బయట నిలబడింది. నా ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. చివరి మలుపులో ఊపిరందక ఆగిపోదామనుకున్నాను. "ఉరుకవే లావణ్యా, నా పరుగు గూడ నువ్వే ఉరుకు" అని గొంతు పోయేలా అరిచింది. ఉరికాను అమ్మా. వచ్చేసారి దాన్ని నేనే ఉరికిస్తాను.

తమ్ముడికి ఇంకా పోయలేదు కదా, నాయినతో టౌన్‌కు పంపి టీకా వేయించు. నాకు రెండో సూది ఉంది, మరిచిపోను. ఇక్కడి కూరల్లో ఉప్పూ లేదు, కారమూ లేదు, మామిడి తొక్కు పంపు. నానమ్మకు దండాలు, అక్కకు నా ముద్దులు.

టీకా కాపాడిందని అందరికీ చెప్తున్నాను. కానీ అమ్మా, ముందు కాపాడింది నీ జ్ఞాపకం. ఇన్నేళ్ల తర్వాత కూడా ఏ బిడ్డ ఒంటి మీద పొక్కు లేచిందో, ఏ బిడ్డకు లేవలేదో నువ్వు మరవలేదు. బోనాలకు వస్తున్నాను. ఈసారి మనింటి బోనం నా నెత్తిన పెట్టు.

నీ దీవెన కోరే చిన్నబిడ్డ,
లావణ్య