మంచు పడేలోగా ఇంజను నీళ్ళు దింపించుట గురించి

శ్రీయుత మేజర్ ఎచెనికే గారికి,
పోలీసు స్టేషను అధికారి,
వియ్యా కోయిరోన్.

అయ్యా,

విషయం: స్టేషను వెనక దొడ్లో తమరు జప్తు చేసి ఉంచిన నా పాత సుబారు బండి ఇంజనులోంచి, నీళ్ళు గడ్డకట్టేలోగా వాటిని దించుకొనుటకు అనుమతి కోరుట.

తమ లాకప్పులో కిటికీ వైపు గదిలో ఉన్న యెర్కో ఒయార్సో అను నేను మిక్కిలి వినయముతో మనవి చేసుకొనునది ఏమనగా:

1. నేను కొట్టలేదని చెప్పుకోవడానికి ఈ అర్జీ పెట్టుకోవడం లేదు. కొట్టాను. ఉబాల్దో బర్రియా కుడి భుజం కీలు ఊడగొట్టింది నేనే, చక్రాల బోల్టులు విప్పే ఇనప రాడ్డుతో. నా ఎడమ చేతి వేళ్ళు విరగ్గొట్టింది అతను, బానెట్ మూతతో. మెకానిక్ షెడ్డు గచ్చు మీద తమ వాళ్ళు ఏరుకొచ్చిన పన్ను అతనిది. చెవి ముక్క నాది. ఇందులో తగాదా ఏమీ లేదు, రేపు పొద్దున్న జడ్జి గారి ముందు ఇద్దరం ఇదే చెప్తాం. శిక్ష ఎంతయినా వేయించండి. నా మనవి దాని గురించి కాదు.

2. నా మనవి నీళ్ళ గురించి. ఆ ఇంజనులో ఇప్పుడు ఉత్తనీళ్ళున్నాయి. గడ్డకట్టనివ్వని పచ్చమందు చుక్క కూడా కలపలేదు. ఇంకా పొద్దుగూకనే లేదు, అప్పుడే తమ దొడ్లో కుక్క బొచ్చెలో నీళ్ళ మీద పొర కట్టింది. కిటికీలోంచి కనిపిస్తోంది. జూలై అంటే మనకి నడి చలికాలం, ఈ లోయలో ఆ చలి ఎట్లా ఉంటుందో తమరికి తెలియనిది కాదు. పోయిన చలికాలం స్టేషను కుళాయి గొట్టం పగిలి మెట్లు అద్దంలా అయిపోతే, ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు వచ్చినట్టు జారిపడ్డారు. ఇనప గొట్టాన్ని పగలగొట్టిన చలికి అల్యూమినియం ఇంజను ఒక లెక్కా? నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయి, ఉబ్బితే బ్లాకు చీలుతుంది. చీలినదాన్ని వెల్డింగు చేసి నిలబెట్టే మొనగాడు ఈ ప్రాంతంలో ఒక్కడే ఉండేవాడు. అతను చచ్చిపోయాడు. ఆ ఇంజను అతనిదే.

3. ఈ సంగతి కాపలాలో ఉన్న కార్పొరల్ విల్చెస్ గారికి చెప్పుకున్నాను.

"నీళ్ళేగా? తాగడానికిస్తాలే, ఉండు" అన్నారు.

"నాకు కాదు సార్. బండిలోంచి తియ్యాలి."

"బండి సాక్ష్యం. సాక్ష్యంలోంచి చుక్క తీసినా నా ఉద్యోగం పోద్ది. నోరు మూసుకుని పడుకో. మొన్నటిదాకా బడిలో కూడా కుదురుగా కూర్చోనివాడివి, లాకప్పులో ఏం కూర్చుంటావులే!"

సార్ మీద నాకు కోపం లేదు. ఆ మాటకి నేను ఊచల్ని తన్నాను, బొటనవేలు చిట్లింది. అది కూడా ఇందులోనే రాసుకోండి. కాగితం, పెన్ను ఇచ్చింది మాత్రం ఆయనే.

4. చలికాలంలో ఉత్తనీళ్ళు పోస్తారా బుద్ధిలేకుండా అని తమరు అడగవచ్చును. పోస్తాం. మా పాత సుబారుల వాళ్ళందరం అంతే. ఈ ఇంజను మిగతా వాటిలా నిలబడి ఉండదు, పడుకుని ఉంటుంది. పిస్టన్లు ఎదురెదురుగా గుద్దులు విసురుకుంటాయి, కానీ ఒకదానికొకటి తగలవు. ముసలిదయ్యాక అతుకుల్లోని గాస్కెట్లు కారతాయి. కొత్తవి వేశాక వెంటనే పచ్చమందు పోయం. మళ్ళీ కారితే మందంతా నేలపాలు. "ముందు నీళ్ళు, నమ్మకం కుదిరాక మందు" అంటాడు మా షెడ్డు యజమాని ముసలి డోన్ అర్తేమియో. బండి ముక్కుని గట్టు మీదికి ఎక్కించి, ఇంజను ఆడిస్తూ, రబ్బరు గొట్టాన్ని చేత్తో పిసుకుతూ లోపలి గాలి బుడగల్ని బయటికి తోలాలి, పసిపిల్లాడికి తేనుపు తెప్పించినట్టు. పొద్దుగూకే వేళకి నీళ్ళు దించేసి పొద్దున్నే మళ్ళీ పోసుకుంటాం. దించే వేళకి లాకప్పులో ఉంటామని ఎవడనుకుంటాడు?

5. ఆ ఇంజను నాకెలా వచ్చిందో కూడా మనవి చేయవలసి ఉన్నది, లేకపోతే కొట్లాట అర్థం కాదు. ఎలాదియో బర్రియా అంటే ఉబాల్దోకి అన్న. బడి మానేసి గాలికి తిరుగుతున్న నన్ను చెవి పట్టుకుని షెడ్డులోకి లాక్కొచ్చి, చేతిలో పానా పెట్టినవాడు. ఏ సందులోకైనా దూరతానని నాకు "నల్లి" అని పేరు పెట్టింది కూడా అతనే. ఎండాకాలం చివర కంకర రోడ్డు మలుపులో దుంగల లారీ తగిలి పోయాడు. బండి తలుపుల నుంచి వెనక్కి నలిపేసిన కాగితంలా అయింది. ముందున్న ఇంజనుకి, దాని కింది పొగగొట్టానికి గీత కూడా పడలేదు.

మాలో ఎవరైనా పోతే బండిని అమ్మం, తుక్కుకి వెయ్యం. పాతిపెట్టి వచ్చాక షెడ్డు దగ్గర గొర్రెని కాల్చి, తిని, తాగి, బండిని విప్పి పంచుకుంటాం. ఒకరికి తలుపులు, ఒకరికి సీట్లు. అట్లా అయితే పోయినవాడు అందరి బళ్ళలోనూ తిరుగుతూ ఉంటాడని. ఒక్కటే కట్టుబాటు: ఇంజను మాత్రం రక్తసంబంధికి ఇవ్వరాదు. ఏడుస్తూ నడిపేవాడు లోయలో పడతాడని పెద్దవాళ్ళు పెట్టారు. అందుకని డోన్ అర్తేమియో చేసిన పంపకంలో గేరుబాక్సు తమ్ముడు ఉబాల్దోకి, ఇంజను నా బండికి వచ్చాయి. దాంతోపాటు ఎలాదియో తన చేత్తో వంచి వెల్డింగు చేసుకున్న పొగగొట్టం కూడా. అది ఉరిమితే ఎవరి బండో ఊరవతల నుంచే చెప్పొచ్చు. ఆ రోజు ఉబాల్దో నా మెడ చుట్టూ చెయ్యేసి తాగాడు.

6. తర్వాత మారిపోయాడు. మాలో ఒక సుబారుకి ఇంకో సుబారు ఎదురైతే స్టీరింగు మీంచి చెయ్యి ఎత్తాలి. ముక్కూ మొహం తెలియనివాడికైనా ఎత్తుతాం. అతను నాకు ఎత్తడం మానేశాడు. ఇది చెంపదెబ్బ కంటే ఎక్కువ. రెండోసారి ఎత్తకపోయేసరికి అతని అద్దం మీదికి రాయి విసిరాను. అతను నా టైర్లు కోశాడు. నేను సంతలో అందరి ముందూ మొహాన ఉమ్మాను. అతను పెట్రోలు బంకు గోడకేసి నా తల బాదాడు, ముక్కు వంకరపోయింది అప్పుడే.

"ఆ చప్పుడు మా ఇంటి ముందు నుంచి పోనిచ్చావంటే చంపేస్తా, నల్లీ."

"రోడ్డు నీ బాబుదా?"

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే వాళ్ళ ఇంటి ముందుకి రాగానే గేరు తగ్గించి, గొట్టం ఉరిమేలా తొక్కి మరీ పోయాను.

7. ఈ రోజు మధ్యాహ్నం కొత్త గాస్కెట్లు వేశాక షెడ్డు దగ్గర గట్టు మీదికి బండి ముక్కు ఎక్కించి రబ్బరు గొట్టం పిసుకుతున్నాను. ఉబాల్దో లారీ వేసుకుని వచ్చాడు, వెనక గొలుసూ కొక్కెమూ. మాటా పలుకూ లేకుండా నా బండి వెనక కొక్కెం తగిలించాడు.

"తియ్యి" అన్నాను.

"మా అన్నది."

"మీ అన్న నాకిచ్చాడు."

"మా అన్న ఎవడికీ ఏమీ ఇవ్వలేదు. చచ్చాడు. ఇచ్చింది ఆ ముసలాడు."

చెయ్యి తీస్తే గాలి మళ్ళీ లోపలికి పోతుందని నేను గొట్టం వదల్లేదు. అదే దెబ్బయింది. అతను వచ్చి బానెట్ మూత నా చేతి మీద వేసి, దాని మీద ఎక్కి కూర్చున్నాడు. ఇంజను ఆడుతూనే ఉంది, అయినా వేళ్ళు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. కుడిచేత్తో రాడ్డు అందుకుని భుజం మీద వేశాను. పడ్డాడు. పడినవాడి మీద కూర్చుని మూతి మీద గుద్దాను, పన్ను ఊడి నా పిడికిట్లో గుచ్చుకుంది. అతను నా చెవి కొరికి ఉమ్మాడు. కన్ను వాచేదాకా కొట్టాను, రెండో కన్ను కూడా వాచాలని ఇంకా కొట్టాను.

డోన్ అర్తేమియో కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చి, "దున్నపోతుల్లారా! ఇంజను వేడెక్కిపోతోంది, ముందు దాన్ని ఆపండ్రా!" అని అరిచాడు.

ఇద్దరం లేచాం. ఉబాల్దో ఎడం చేత్తో తాళం తిప్పి ఆపాడు. నేను నీళ్ళ మట్టం చూశాను. తర్వాత మళ్ళీ కొట్టుకున్నాం. తమ జీపు వచ్చేసరికి చూసింది ఆ రెండో విడత. బండిని తాళ్ళేసి ఇక్కడికి లాక్కొచ్చింది కూడా తమరే.

8. ఇక గోడ సంగతి. ఉబాల్దోని పక్క గదిలో పెట్టారు. ఇందాక గోడ అవతలి నుంచి పిలిచాడు.

"ఏరా నల్లీ, చచ్చావా?"

"నువ్వు చచ్చాక."

"నీళ్ళు దించావా?"

"ఎప్పుడు దించను? నా చేతి మీద నువ్వు కూర్చున్నప్పుడా, నీ మీద నేను కూర్చున్నప్పుడా?"

"పచ్చమందు పోశావా?"

"లేదు. ఉత్తనీళ్ళే."

గోడని ఒక్క తన్ను తన్నాడు, సున్నం రాలి నా నెత్తి మీద పడింది. "ఓరి పశువా! పిలు ఆ కార్పొరల్ని! పిలవరా!"

"నీకెందుకు? చీలిపోతే నీకే మంచిది. చప్పుడు ఆగిపోద్ది" అన్నాను.

"పొద్దున్నే ఆ పొగగొట్టం చప్పుడు వినపడితే మా అమ్మ లేచి కెటిల్ పొయ్యి మీద పెడుతుందిరా" అన్నాడు. "అన్నే వస్తున్నాడని. మాతే టీ గిన్నె కడిగి, రొట్టె వేడి చేసి కూర్చుంటది. నువ్వు ఆగకుండా పోతావు. కెటిల్ మాడిపోయేదాకా అట్లాగే కూర్చుంటది. వాడు లేడే అమ్మా అంటే చీపురుతో నన్నే కొడుతుంది."

"ఈ ముక్క నా తలని గోడకేసి బాదే బదులు నోటితో చెప్పొచ్చుగా?"

"నోటితో చెప్తే ఏడుపొస్తది. నీ ముందు ఏడవనా? దానికంటే నిన్ను కొట్టడం తేలిక."

"అయితే చీలిపోనీ. పీడా పోద్ది."

"చీలిపోతే ఆవిడ పొద్దున్నే ఎందుకు లేస్తదిరా, సన్నాసీ?"

కార్పొరల్ సార్ని కేకేసి కాగితం, పెన్ను అడిగి ఈ అర్జీ మొదలుపెట్టాను.

9. కావున తమరు దయతలచి ఈ కింది విధముగా ఉత్తరువు ఇప్పించవలెనని ప్రార్థన. రేడియేటరు కింద ఉన్న చిన్న కుళాయి చిలక తిప్పితే సగం నీళ్ళే దిగుతాయి. మిగతా సగం దిగాలంటే ఇంజను అడుగున రెండు వైపులా ఉన్న బోల్టులు విప్పాలి. ఎడమ బోల్టు తలని ఎలాదియో ఒకసారి కోపంలో సుత్తితో చదును చేసి పెట్టాడు. ఇప్పుడు దాన్ని ఒకరు కింద పడుకుని పట్టకారుతో బిగించి పట్టుకుంటే, ఇంకొకరు రాడ్డుతో తిప్పాలి. తెలియనివాడు ముట్టుకుంటే అది అక్కడే తెగుతుంది. నాకు కుడి చెయ్యి ఉంది. ఉబాల్దోకి ఎడమ చెయ్యి ఉంది. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కు అవుతాం. మా మంచి చేతులు రెండూ వదిలి, పాడైన చేతులు రెండింటికీ కలిపి ఒకే బేడీ వేయించండి. నొప్పి పుడితే ఇద్దరికీ పుడుతుంది కాబట్టి ఎవడూ పారిపోడు. కార్పొరల్ సార్ తుపాకీ పట్టుకుని నిలబడవచ్చును. బానెట్ మీద ఉన్న నా రక్తం సాక్ష్యం కాబట్టి తుడవం. నీళ్ళు దిగేదాకా కొట్టుకోం. దిగాక సంగతికి నేను హామీ ఇవ్వలేను, ఉబాల్దో ఇవ్వనే ఇవ్వడు.

ఇంకొక మనవి. జడ్జి గారు నన్ను ఎన్నాళ్ళు లోపల ఉంచినా సరే. అన్నాళ్ళూ పొద్దున్నే డోన్ అర్తేమియో ఆ బండిని ఉబాల్దో వాళ్ళ ఇంటి ముందు నుంచి పోనిచ్చుటకు, అక్కడ ఆగి, దిగి, లోపలికి వెళ్ళి వాళ్ళమ్మ ఇచ్చినది తాగి వచ్చుటకు కూడా అనుమతి ఇప్పించవలెను. విడుదలైన తరువాత ఆ పని నేనే చూసుకుంటాను.

చలి ఆగి అర్జీ చదవదు గనుక తమరు ఈ క్షణమే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
యెర్కో ఒయార్సో

పై సంగతులకు ఒప్పుకుని సంతకం చేసినవాడు,
ఉబాల్దో బర్రియా

తా.క.: ఉబాల్దోకి రెండు కళ్ళూ వాచి ఉన్నందున చదవకుండానే సంతకం పెట్టాడు. కెటిల్ సంగతి రాస్తే చంపుతానన్నాడు. రాసేశాను. బోల్టు ఊడేదాకా అతనికి చెప్పకండి అయ్యా. ముందే తెలిస్తే నాకున్న ఆ ఒక్క చెయ్యీ విరగ్గొడతాడు. కుక్క బొచ్చె అడుగుదాకా గడ్డకట్టేసింది. మిగతావన్నీ తర్వాత చదువుదురు గానీ, ముందు తాళంచెవులు పట్టుకుని పరిగెత్తుకు రండి.