కిరణ్ మొదటి రేస్

ఆదివారం రాత్రి, హెర్న్‌డన్

ఇవాళ మా సైక్లింగ్ క్లబ్ వాళ్ళం రోడ్ రేస్‌కి వెళ్ళాం. కిరణ్‌కి ఇదే మొదటి రేస్. చలికాలమంతా బేస్‌మెంట్‌లో స్టాండ్‌కి బిగించిన సైకిల్ తొక్కి సిద్ధమయ్యాడు. రెండో ల్యాప్‌లో, పల్లపు మలుపు దగ్గర కంకర మీద జారి సరిగ్గా నా ముందే పడ్డాడు. హెల్మెట్ పగిలింది. నేను ఆగాను. గుంపంతా మమ్మల్ని దాటిపోయింది.

వాడు వెంటనే లేచి సైకిల్ ఎక్కబోయాడు. "రేస్ స్టార్ట్ అయ్యిందారా?" అని అడిగాడు.

"పడ్డావురా. తలకి దెబ్బ తగిలింది, కూర్చో," అన్నాను.

కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. నాకు భయం పట్టుకుంది. ఫోన్ చేసి అంబులెన్స్ పిలిచాను. వాడు మళ్ళీ సైకిల్ వైపు లేస్తుంటే, ముందు చక్రం ఊడదీసి ఒళ్ళో పెట్టుకుని గడ్డిలో కూర్చున్నాను.

"ఏందిరా ఇది? నా రేస్ ఖరాబ్ చేస్తున్నవ్. ఇయ్యి!" అని అరిచాడు.

ఇవ్వలేదు. అంబులెన్స్ వచ్చేదాకా తిడుతూనే ఉన్నాడు.

స్కాన్‌లో ప్రమాదమేమీ కనిపించలేదట. అయినా ఈ రాత్రికి హాస్పిటల్‌లోనే ఉంచారు. ఇందాక వాడి భార్య స్వప్న ఫోన్ చేసింది.

"మీ మీద మస్తు కోపంగ ఉన్నడు అన్నా. ఎందుకో మాత్రం గుర్తులేదంటున్నడు," అంది.

ఇద్దరం నవ్వాం. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు నిలవలేదు.

పొద్దున్నే వెళ్తాను. నన్ను చూడగానే అంతా గుర్తొచ్చి, మళ్ళీ తిట్టడం మొదలుపెడితే బాగుండు...