కామెంటు తియ్యలేదు

మంగళవారం, అనంతగిరి

మా కాఫీ సంఘం ఆఫీసులో కొత్త మెషిన్ పెట్టారు. రైతు తన సరుకు వివరాలు నోటితో చెప్తే అదే రాసుకుంటుందట, ఇక అవి టైపు చేసే నాలాంటి ఆపరేటర్లు అక్కర్లేదట. ఈరోజు మా ఊరి సోములమ్మత్త దాని ముందు నిలబడి ఎన్నిసార్లు చెప్పినా, "స్పష్టంగా మాట్లాడండి" అంటూనే ఉంది.

"నా మాటలో తప్పేటుందే గుంటా?" అని అత్త నన్నడిగింది. ఆ ముఖం చూడలేకపోయాను.

సాయంత్రం ఫేస్‌బుక్ గ్రూపులో ఇలాంటి మెషిన్ల మీదే వాదన. ఎవరో సిటీ ఆయన "ఈ ఏజెన్సీ కొండల్లోవాళ్ళు ముందు సరైన తెలుగు నేర్చుకోవాలి" అని రాశాడు. నాకు ఒళ్ళు మండింది. "మా మాట సరైనదే. వినడం రానిది మెషిన్‌కి. దానికి నేర్పండి" అని నా పేరుతోనే పెట్టాను.

కాసేపటికే మేనేజర్‌గారి ఫోను.

"నీ కామెంటుతో ఆఫీసు పరువు పోతోంది. ముందది తీసెయ్యమ్మా."

"తియ్యనండి."

"నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతోంది, గుర్తుందా?"

"ఉందండి."

ఆయన ఫోను పెట్టేశారు. పక్కనే వింటున్న అమ్మ, "ఉజ్జోగం పోతే ఏటి సేత్తావే?" అంది.

ఏం చేస్తానో నాకూ తెలీదు. భయంగానే ఉంది. కానీ ఆ కామెంటు తీసేస్తే తప్పు మాదేనని ఒప్పుకున్నట్టే. ఆ పని మాత్రం నా చేత్తో చెయ్యను...