మాప్ కర్రా, కందిపప్పూ

పుంగ్గోల్, సింగపూర్

అక్కా, మా ఇంటికి పోలీసులు వచ్చిన మాట నిజమే గానీ మీ మరిదిని ఎవరూ పట్టుకెళ్లలేదు, కంగారు పడకు. ఫ్యామిలీ గ్రూపులో పెడితే వంద ప్రశ్నలొస్తాయని కార్డు రాస్తున్నా.

న్యూజిలాండ్‌లో ఉన్న ఈయన ఫ్రెండు భాస్కర్ జింకల వేటకి రమ్మన్నాడు. అక్కడది మామూలేనట. అతని దగ్గర రెండు బోల్ట్ యాక్షన్ రైఫిళ్లున్నాయి. కొండలెక్కడానికి తేలికది కావాలా, దూరం గురికి కదలకుండా నిలిచే బరువుది కావాలా అనడిగాడు. ఈయన ఎటూ తేల్చుకోలేక, బరువు చూద్దామని మాప్ కర్రకి కందిపప్పు ప్యాకెట్లు కట్టి, దుప్పటి చుట్టి, భుజానేసుకుని మా బ్లాకు మెట్లెక్కారు. ఎదురింటి ఆంటీ భయపడి ఫోన్ చేసింది. పోలీసు దుప్పటి విప్పి చూసి, "అంకుల్, మాప్‌కి పప్పెందుకు?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఈయన నడుం పట్టుకుని, "తేలికదే తీసుకుంటాను సార్" అన్నారు. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే మా అమ్మాయి సరయు వీడియో తీసింది. మీదాకా వచ్చింది అదే.

మీ పాప చాందినికి జ్వరం తగ్గిందా? ఇటు ఎవరైనా వస్తుంటే ఆవకాయ వద్దు, ఈయన నడుముకి మహానారాయణ తైలం పంపు.

కొట్టిన జింకని కొండ మీంచి మోసుకురావాల్సింది కూడా కొట్టినవాళ్లేనని నిన్న భాస్కర్ చెప్పాడు. అప్పట్నుంచి ఈయనకి జింకలంటే జాలి పుట్టింది. ఇక గురికి పెట్టిన అట్టముక్క మీదే కాలుస్తారట. దానికి బరువుదే మంచిదట. పొద్దుట్నుంచి నా బియ్యం బస్తా కనబడట్లేదు.

పిల్లలకి నా దీవెనలు. బావగారికి మెల్లగా చెప్పు.

నీ చెల్లెలు
అలేఖ్య