టిల్లీ చెవులు

టిపరేరీ,
నవంబరు, 1983

అసంప్టా అక్కా, నా బంగారు అక్కా,

ఇది చదివాక పొయ్యిలో పడెయ్యి. బావకు చూపించకు. డెరెక్ బావ మంచివాడే, కాదనను. కానీ రెండు గ్లాసుల బీరు కడుపులో పడితే బర్మింగ్‌హామ్‌లో ఉన్న టిపరేరీ వాళ్ళందరికీ మా ఇంటి సంగతులు పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు. ఈసారి చెబితే ఒక ప్రాణం పోతుంది.

మా ఇంట్లో ఒక కుక్క ఉంది. నవ్వకు. అది గ్రేహౌండ్, పందెం కుక్క. పందేలకు కుక్కల్ని పెంచే ఆ టైగ్ క్వర్క్ గారిది.

పోయిన శుక్రవారం సాయంత్రం మా ఆయన మాసీ పని నుంచి వచ్చి వ్యాను దగ్గరే నిలబడిపోయాడు. బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయని కేకేసినా లోపలికి రాడు. వెళ్ళి చూస్తే వ్యాను వెనక తలుపు తెరిచి ఉంది. లోపల ఖాళీ సంచుల మీద పులిచారల ఆడకుక్క ఒకటి, వెనక కాలు ఎత్తి పట్టుకుని, మూడు కాళ్ళ మీద నిలబడి ఉంది. మాసీ ముఖంలో నెత్తురు చుక్క లేదు. "దాన్ని దించు డింప్నా. నేను ముట్టుకోలేను," అన్నాడు.

మాసీ పని సంగతి నీకు తెలుసు. ఈ చుట్టుపక్కల కుక్కల్ని పెంచేవాళ్ళందరూ పొలాల్లో మురుగు కాలవలు తవ్వడానికి మాసీనే పిలుస్తారు. పరుగు తగ్గిన కుక్కనో, కాలు విరిగిన కుక్కనో కూడా మాసీకే అప్పగిస్తారు. ఏం చెయ్యాలో ఎవరూ నోటితో అనరు. "స్పెయిన్‌కు పంపాం" అంటారు, అంతే. మనమూ నమ్మినవాళ్ళమే కదా. నాన్న కుక్కను వ్యాను ఎక్కించే ముందు దాని ఒంటి మీది కోటు విప్పేసేవాడు. ఎందుకు నాన్నా అంటే, అక్కడ ఎండ కదమ్మా అనేవాడు. అవి కమలాపండ్ల చెట్ల కింద పడుకుని ఉంటాయని మనం మాట్లాడుకునేవాళ్ళం. అసలు సంగతి నీకెవరు చెప్పారో గానీ, నాకు చెప్పింది మాత్రం నువ్వే. ఆ రోజు నిన్ను జుట్టు పట్టుకుని కొట్టాను.

పందెం కుక్కల చెవుల లోపల పచ్చబొట్టు ఉంటుంది కదా, ఆ అక్షరాలు చూస్తే యజమాని ఎవరో తెలిసిపోతుంది. అందుకని, రేపు గొయ్యి బయటపడ్డా ఎవరిదో తెలియకుండా, స్పెయిన్‌కు పోయే కుక్కల చెవులు ముందే కోసేస్తారు. మాసీ ఆ రోజు గొయ్యి తవ్వాడట. కత్తి తీసి చెవి పట్టుకున్నాడట. పందేనికి ముందు ప్రతిసారీ చెవులు తిప్పి చూస్తారు గదా, అదే అనుకుంది పిచ్చిది. కుదురుగా నిలబడి, తల వంచి, చెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. రెండోది కూడా చూస్తావా అన్నట్టు ఇటు తిరిగింది. మాసీకి చేతులాడలేదు. పూడ్చిన గొయ్యి ఉత్తదే.

ఇప్పుడు క్వర్క్‌కు తెలిస్తే ఏమవుతుందో ఆలోచించు. కుక్క ఇంకా ఆయనదే. తీసుకుపోయి చెయ్యి వణకనివాడికి ఇస్తాడు. గేటు దగ్గర బండి చప్పుడైతే తలుపు గడియ వేస్తున్నాను. పట్టపగలే కర్టెన్లు వేసుకుని కూర్చుంటున్నాను. నాకు చాలా భయంగా ఉందక్కా.

నీ చెల్లెలు,
డింప్నా


జనవరి, 1984

అక్కా,

నీ ఉత్తరం అందింది. కుక్కకు పేరు మాత్రం పెట్టకు, పెడితే వదల్లేవు అని రాశావు. అది చేరేసరికే పెట్టేశాను. టిల్లీ.

పుట్టినప్పటి నుంచీ కొట్టంలో గడ్డి మీద పెరిగింది, దానికి ఇల్లంటే ఏమిటో తెలియదు. మెట్లను చూసి వణుకుతుంది. అద్దం తలుపులోంచి దూసుకుపోబోయి ముక్కు చితక్కొట్టుకుంది. కెటిల్ ఈల వేస్తే బల్ల కింద దూరుతుంది. వంటింట్లోని సోఫా ఎక్కడం మాత్రం మొదటి రోజే నేర్చుకుంది, ఇప్పుడు మాసీకి కూర్చోవడానికి చోటు లేదు. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరుచుకుని, చలనం లేకుండా పడి ఉంటే చచ్చిపోయిందనుకుని ఏడుస్తూ భుజం తట్టాను. నిద్రలో ఉలిక్కిపడి నా ముంజేయి కరిచింది. ఆ తర్వాత నాకంటే అదే ఎక్కువ బెదిరిపోయి సాయంత్రం దాకా గోడకు అంటుకుపోయింది. ఈ జాతి కళ్ళు తెరిచి నిద్రపోతుందట అక్కా. కుక్కల మధ్య పుట్టి పెరిగినదాన్ని, నాకా సంగతే తెలియదు. మనింట్లో వాటిని ఎప్పుడైనా గడప లోపలికి రానిచ్చామా?

పశువుల డాక్టరుకు చూపిస్తే ముందు చెవులే చూస్తాడు. అందుకని మాసీయే కాలికి బద్దలు పెట్టి కట్టు కట్టాడు. ఎముక అతుక్కుంది గానీ కొంచెం కుంటుతుంది. నా పాత ఊదారంగు స్వెటరు విప్పి, ఆ ఉన్నితో మెడ నుంచి నెత్తి దాకా వచ్చేట్టు టోపీ అల్లాను. చెవులు కనపడవు. ఎవరైనా అడిగితే సంకరజాతి కుక్క అని, లిమరిక్‌లో మాసీ మేనత్త ఇచ్చిందని చెబుతున్నాను. జనం బయటికి రారని వాన పడేటప్పుడే తిప్పుతున్నాను. మాసీకి మేనత్తే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. సోమవారం పొద్దున జోరుగా వాన. ఒంటరిగా వదిలితే ఏడుస్తుందని టిల్లీని వెంటబెట్టుకుని ఊళ్ళోకి వెళ్ళాను. మాంసం కొట్టు నెడ్ బయట పెట్టిన బోర్డు లోపలికి తీసుకోవడానికి వచ్చాడు, ఒంటి మీద తెల్లకోటుతో. అంతే. టిల్లీ నన్ను లాక్కుంటూ వెళ్ళి నెడ్ పక్కన, ఆయన ఎడమ కాలి దగ్గర, తల ఎత్తి బొమ్మలా నిలబడింది. తాడు పట్టి లాగినా కదల్లేదు. పందేనికి ముందు జనం ఎదుట తెల్లకోటు మనిషి పక్కన నిలబడాలని చిన్నప్పటి నుంచీ నేర్పారు కదా. ఆ తెల్లకోటు సంగతి నాకు తట్టనే లేదు. చెవులొక్కటే దాచితే చాలనుకున్నాను.

నెడ్ దాని వంక పైనుంచి కింద దాకా చూశాడు. క్వర్క్‌తో కలిసి ప్రతి శనివారం పందేలకు పోయే మనిషి. "సంకరజాతి అన్నావు కదమ్మా డింప్నా," అన్నాడు మెల్లగా. "నాకు తెలిసిన సంకరజాతి ఏదీ ఇలా నిలబడదు. ఈ నడుము నేనెక్కడో చూశాను."

మేనత్త కథ మొదలుపెట్టాను గానీ నాలుక తడబడింది. ఇంటికి ఎలా వచ్చి పడ్డానో నాకే తెలియదు.

మాసీకి చెప్పాను. బూట్లు విప్పుకుంటూ, తల ఎత్తకుండా, "ఆ రోజే అయిపోవలసింది. తప్పు చేశాను," అన్నాడు. అప్పటి నుంచీ క్వర్క్ కంటే మాసీ అంటేనే నాకు ఎక్కువ భయం పట్టుకుంది. ఆయన టిల్లీ వంక చూడటం లేదు. అది వెళ్ళి మోకాలికి ఆనుకుంటే పక్కకు జరుగుతున్నాడు. నిన్న పార తీసుకుని పెరట్లోకి వెళితే, వెనకాలే పరుగెత్తాను. క్యారెట్లు తవ్వుకొచ్చాడు. నా మొగుణ్ణి నేను ఇలా కాపలా కాయాల్సి వచ్చిందక్కా.

అందుకని వచ్చే శుక్రవారం రాస్లేర్ రేవులో మీ వైపు వచ్చే పడవ ఎక్కుతున్నాను, టిల్లీతో. మాసీకి చెప్పలేదు. బావను అవతలి రేవుకు పంపు. ఆయన్ని వదిలేసి వస్తున్నావా అని అడగకు. అవునో కాదో నాకే తెలియడం లేదు.

నీ చెల్లెలు,
డింప్నా


జనవరి నెలాఖరు

అక్కా,

బావను రేవుకు పంపవద్దని ఇచ్చిన తంతి అందే ఉంటుంది. నేను రావడం లేదు. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం, మంచం కింద నా పెట్టె సర్ది ఉండగా, గేటు ముందు వ్యాను ఆగింది. టైగ్ క్వర్క్. మాసీ ఆ రోజు వాన వల్ల పనికి పోలేదు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. టిల్లీని పై గదిలోకి తోసేద్దామంటే అది మెట్లెక్కదు కదా. సోఫాలో టోపీ పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని నిద్రపోతోంది.

ఆయన తల వంచి గుమ్మంలోంచి వచ్చి కూర్చున్నాడు. ఆ భారీ మనిషి ఉంటే మా వంటిల్లు అగ్గిపెట్టెలా అయిపోయింది. పీక మీద కత్తి ఉన్నా టీ ఇవ్వకుండా ఉండలేని జాతి మనది, టీ పెట్టాను. వానల గురించి మాట్లాడాడు. నా గోధుమ రొట్టె బాగుందన్నాడు, ఇంకో ముక్క తీసుకున్నాడు. ఒక్కసారీ సోఫా వైపు చూడలేదు. ఆయన చూడకపోయే కొద్దీ నేను ఆయన కప్పు నింపుతూనే పోయాను.

ఆ గొంతు టిల్లీ నిద్రలోకి వెళ్ళినట్టుంది. లేచింది. దాని పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. చలికి కాదక్కా, పట్టరాని సంతోషం వస్తే ఈ కుక్కలు అలాగే చేస్తాయి. నాకోసం ఎన్నడూ చెయ్యలేదు. కుంటుకుంటూ వెళ్ళి ఒళ్ళంతా ఆయన కాలి మీద వాల్చేసి నిలబడింది. ఆయన చెయ్యి దాని తల మీదికి, టోపీ అంచు దగ్గరికి వెళ్ళింది. ఇక అయిపోయింది అనుకున్నాను. ఆయన ఆ అంచును పైకి లాగలేదు. రెండు చెవులూ ఇంకా బాగా కప్పుకునేట్టు కిందికి లాగాడు.

"నెడ్ ఏదో వాగాడు. వాడికి చూపు ఆనడం లేదు," అన్నాడు. "ఇది సంకరజాతే. చలికి తిప్పకమ్మా."

ఆయన లేచి వెళ్ళి, వెనక ఉన్న మేత బస్తా సర్దుకోవడానికి వ్యాను తలుపు తెరిచాడు. అదే పొరపాటయింది. నా పక్కనుంచి జారుకుని టిల్లీ వానలో మూడు అంగల్లో వ్యాను దగ్గరికి పోయి, లోపలికి దూకి, గడ్డిలో తన మామూలు చోటు వెతుక్కుని పడుకుంది. "దిగు మోలీ," అన్నాడాయన. ఆ పేరు మేము వినడం అదే మొదలు. అది దిగలేదు. అంత హాయిగా అది మా ఇంట్లో ఏనాడూ పడుకోలేదు. ఇక ఆయన తలుపు వేసి బండి నడుపుకుంటూ పోతే చాలు, అడిగేవాళ్ళు లేరు.

అప్పుడు మాసీ కదిలాడు. చెప్పులైనా లేకుండా వానలోకి వెళ్ళి, వ్యాను తలుపు సందులో చెయ్యి పెట్టాడు. "వెయ్యకండి టైగ్ గారూ," అన్నాడు. "వేస్తే నా చెయ్యి మీద వెయ్యండి." ఆయన గొంతు వణికింది గానీ చెయ్యి వణకలేదు. నేను అన్ని రోజులు కాపలా కాసింది ఈ మనిషినా అని సిగ్గుతో చచ్చిపోయాను.

"వెయ్యడానికి రాలేదురా," అన్నాడు క్వర్క్. వంగి టిల్లీని రెండు చేతులతో ఎత్తుకున్నాడు. దాని పొడుగాటి కాళ్ళు వేలాడుతుంటే వంటింట్లోకి మోసుకొచ్చి సోఫాలో పడుకోబెట్టి, టోపీ సరిచేశాడు. వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగాడు. మా వైపు వీపు పెట్టి, తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"మాసీ, దీన్ని దాచావు కదా," అన్నాడు. "మిగతావాటిని కూడా ఎక్కడైనా ఇలాగే..."

మాసీ తన తడి పాదాల వంక చూసుకున్నాడు.

"బెస్?" అన్నాడాయన.

"లేదు," అన్నాడు మాసీ.

"తెల్ల పాదాలది, హనీ?"

"లేదు, టైగ్ గారూ."

"పోనీ, డెల్ అయినా? దానికి నా మనవరాలు సీసాతో పాలు పట్టిందిరా."

మాసీ గోడ వైపు తిరిగిపోయాడు. క్వర్క్ సరే అన్నట్టు తల ఊపి, తన టోపీ పెట్టుకుని బయటికి వెళ్ళాడు. వ్యాను చాలాసేపటి దాకా కదల్లేదు. కిటికీలోంచి చూస్తే స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు. వెళ్ళి పలకరించే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది.

భయం పోయిందా అని అడుగుతావు. ఆ భయం పోయింది. కానీ రేపో మాపో ఎవరో ఒకరు ఇంకో కుక్కను తెచ్చి మాసీకి అప్పగిస్తారు. అప్పుడు ఏమంటావు అని నేనింకా ఆయన్ని అడగలేదు. అడగడానికి నోరు రావడం లేదు. ఎందుకంటే అక్కా, ఆ రోజు క్వర్క్ ఏ పేరు అడిగినా, అది ఏ కుక్క అని మాసీ ఒక్కసారి కూడా అడగలేదు. అన్నీ గుర్తున్నాయి ఆయనకు.

నీ చెల్లెలు,
డింప్నా