ఖాజా గారి స్టాప్‌వాచ్

2004 జూన్ 14, సోమవారం

పని అయిపోయింది. గవర్నర్‌పేట సిగ్నల్లో, నడిచేవాళ్ళ పచ్చలైటు ఇరవై రెండు సెకన్ల నుంచి పదహారుకి దించాను. మా ఇంజనీరు గారికి ఆనందం — "బళ్ళు బారులు తీరడం తగ్గుతుందయ్యా." మూలమీద వాచీలు రిపేరు చేసే ఖాజా గారి దగ్గర స్టాప్‌వాచ్ అడిగి తెచ్చుకుని, నేనే మూడుసార్లు రోడ్డు దాటి చూశాను. పదమూడు, పదమూడు, పన్నెండు. మూడు సెకన్లు ఎక్కువే ఇచ్చానని గర్వం కూడా.

వాచీ ఇంకా నా జేబులోనే ఉంది.

జూన్ 16

ఖాజా గారు షాపులోంచే కేకేశారు. "బాబూ, మీ లైటు నాకు చాలట్లేదండీ. ఈ మోకాలు మాట వినదు."

"కాస్త గబగబా నడవండి మరి!" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

జూన్ 25, శుక్రవారం

ఖాజా గారిని ఆటో కొట్టేసింది. జుమ్మా నమాజుకని ఎదురుగా ఉన్న మసీదుకి దాటుతుంటే. తుంటి ఎముక విరిగిందట.

జూన్ 26

పోలీసులకి రిపోర్టు కావాలట. సిగ్నల్ పనిచేస్తోందా, లేదా — అంతే. "సక్రమంగా పనిచేస్తోంది" అని రాసి సంతకం పెట్టాను. అబద్ధం కాదు. అందుకే మరీ సిగ్గుగా ఉంది.

జూన్ 28

మధ్యాహ్నం గంటసేపు ఆ మూలమీదే నిలబడ్డాను. ఆటోలన్నీ తెల్లగీతల మీదికొచ్చి ఆగుతాయి. జనం వాటిని చుట్టుకుని దాటాలి. నేను కొలిచిన రోజు కానిస్టేబుల్ ఈల వేసి అన్నిటినీ వెనక్కి నెట్టించాడు — నా కోసం! ఖాళీ రోడ్డు మీద పెళ్ళికొడుకులా నడిచాను. బుద్ధిలేని వెధవని.

ఇవాళ ఒక పెద్దావిడకి పట్టింది: ఇరవై ఒకటి.

జూన్ 29

ఎవరినీ అడక్కుండా మళ్ళీ ఇరవై రెండు చేశాను. ఎవరూ గమనించలేదు.

జూలై 9

ఆసుపత్రి. ఖాజా గారి భార్య నాకు కుర్చీ జరిపింది. "ఈయనకి అన్నిటికీ తొందరేనండీ."

"తప్పు నాదే బాబూ" అన్నారాయన. "సిగ్నల్ బాగానే ఉందని పోలీసులే చెప్పారు. ఎర్రలైటు పడినా నేను రోడ్డు మధ్యలోనే ఉన్నాను. ఆ ఆటో అతని మీద కేసు వద్దని రాసిచ్చేశాను."

"అది కాదండీ..." అన్నాను.

స్టాప్‌వాచ్ ఆయన చేతిలో పెట్టాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. గోడ గడియారంతో సరిచూసుకున్నారు.

"కరెక్టుగానే ఉంది. లేటయింది నేనే."

చెప్పాల్సింది అప్పుడే. పిరికివాణ్ణి.

జూలై 10

ఇంకో రిపోర్టు రాశాను. తగ్గించిన ఆరు సెకన్లు, కానిస్టేబుల్ ఈల, అన్నీ. ఇంజనీరు గారు చదివి, మడిచి నా జేబులో పెట్టారు. "నిన్నెవరడిగారయ్యా?"

అలాగే ఆసుపత్రికి బయల్దేరాను, కనీసం ఆయనకి చదివి వినిపిద్దామని. ఖాజా గారి షాపుకి తాళం. సిగ్నల్ దగ్గర నిలబడ్డాను. పచ్చలైటు పడింది... పోయింది. మళ్ళీ పడింది. ఇరవై రెండు సెకన్లు, పూర్తిగా.

దాటలేదు. ఇంటికొచ్చేశాను.