నాలుగో రాయి

2009 జనవరి 18, ఆదివారం
జిల్లా టూరిజం పుస్తకానికి మా మండలంలోని చారిత్రక స్థలాల జాబితా రాసే పని నాకిచ్చారు. ఇంకెవరికిస్తారు! కోట గోడ, వాగు ఒడ్డున గుడి అయిపోయాయి. ఈరోజు ఊరి వెనక నిలువు రాళ్లు. ఏడు, ఒకే వరుసలో. రెండు వేల ఏళ్ల నాటివని రాసేశాను. పన్నెండేళ్లుగా సోషల్ చెబుతున్నాను, ఒకరిని అడగాలా?

జనవరి 24
బోర్డు పెట్టించాను. ‘ప్రాచీన సమాధులు. ఎవరూ ముట్టరాదు.’ బోర్డు కాళ్లకు సిమెంటు. సారపాక పెయింటరు చెయ్యి బాగుంది. హెడ్మాస్టరు — "మీరుంటే మన ఊరు మ్యాపులకెక్కుద్ది మేడం." ఎక్కుతుంది మరి.

ఫిబ్రవరి 2
బళ్లో వంట చేసే కన్నమ్మ రాలేదు. వాళ్ల నాన్న పోయాడట. అన్నం నేనే వండాను... అడుగంటింది.

ఫిబ్రవరి 9
కన్నమ్మ వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడింది.
"టీచరమ్మా, మా అయ్యకు రాయి నిలపాలె. నువ్వేమో ముట్టొద్దని బోర్డు పెట్టినవ్. ఫారెస్టు గార్డు కేసు పెడ్తనంటుండు."
అక్కడే ఎందుకన్నాను.
"నాలుగోది మా అమ్మది గద. మా పిల్ల పుట్టిన ఏడాది నిలిపినం. అయ్య పక్కనుండాలె."
ఆ పిల్ల నా ఎనిమిదో తరగతిలో రెండో బెంచీ. నా రెండు వేల ఏళ్ల రాయికి దాని వయసే! నవ్వొచ్చింది. వెంటనే సిగ్గేసింది. రోజూ కన్నమ్మ చేతి కూడే తింటున్నాను.
"అడిగితే చెప్పకపోదునా?" అంది. తిట్టినా బాగుండేది.

ఫిబ్రవరి 10
టూరిజం ఆఫీసుకు ఫోన్. తప్పు రాశాను, బోర్డు తీసేస్తానన్నాను. "పుస్తకం ప్రెస్సుకెళ్తోంది మేడం. గురువారం పదింటికి ఫొటోలకు వస్తున్నాం. కొత్త రాయి ఒక్కటి కనపడినా మీదే బాధ్యత."
రాయి నిలిపేదీ గురువారమే. మణుగూరు చుట్టాలకు కబురు వెళ్లిపోయింది. మార్చరు. ఎందుకు మార్చాలి?

ఫిబ్రవరి 11, బుధవారం
గడ్డపార పట్టుకుని నేనే పోయాను. బోర్డు కాలు ఒకటి ఊడింది, రెండోది సిమెంటు వదల్లేదు. చేతుల నిండా బొబ్బలు. కన్నమ్మ చూస్తూ నిలబడింది.
"నీ నౌకరికేం కాదు గద?"
"అయితే కానీ." నిజంగానే భయం లేదు. తప్పు నాది, చెప్పేదీ నేనే. కానీ పదింటికి ఫొటోల వాళ్లు వచ్చేలోపు రాయి లేచి నిలబడాలి. నిలబడ్డాక ఎవరు పీకుతారో చూస్తాను.
ఎన్నింటికి నిలుపుతారని అడిగాను.
"చుట్టాలంతా వచ్చినంక."
మణుగూరు బస్సు పదిన్నరకు గాని రాదు.